చీనీ, దానిమ్మ తోటల్లో కుబోటా నియోస్టార్ బీ2441: అయిదేళ్లు వాడాక నా అభిప్రాయం

మినీ ట్రాక్టర్ కొందామని షోరూమ్‌కి వెళ్లిన ఏ రైతైనా మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అని. 20 నుంచి 30 హెచ్‌పీ మధ్య ఉండే ఈ చిన్న బండ్ల విషయంలో ఆ అంకెతో తెలిసేది చాలా తక్కువ. బండి సొంత బరువెంత, టైరు అంచు నుంచి టైరు అంచుకు వెడల్పెంత, పీటీఓ (బండి వెనక ఉండి పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గర అందే శక్తి ఎంత, ఈ మూడూ మన తోటకు సరిపోవాలి. అయిదేళ్లు దాటి ఒకే బండి నడిపాక ఇది గట్టిగా చెప్పగలను.

మా తోటలు అనంతపురం జిల్లాలో నార్పల వైపు. ఎర్ర గరుసు నేల. సగం చీనీ (బత్తాయి), సగం దానిమ్మ. చీనీ చెట్లు ఇరవై అడుగుల ఎడంతో నాటినవి, దానిమ్మ సాళ్ల మధ్య పన్నెండు అడుగులు. నాటేటప్పుడు పన్నెండు అడుగులంటే బోలెడంత చోటు అనిపిస్తుంది. మూడో ఏడు వచ్చేసరికి రెండు వైపుల నుంచీ కొమ్మలు సాగి, కాయ బరువుకు వంగి, మధ్యలో నాలుగైదు అడుగుల దారి మిగులుతుంది. అందులో పెద్ద ట్రాక్టర్ దూరితే కాయలు రాలతాయి, కొమ్మలు చీలుతాయి. దానిమ్మకు కొమ్మ మీద పడ్డ గాయమంటే మచ్చ తెగులుకు తలుపు తెరిచినట్టే. చాలా పనులకు బాడుగ ట్రాక్టర్లు మానేసి సొంతంగా చిన్నది కొనడానికి అసలు కారణం ఇదే.

అప్పట్లో నేను చూసినవి నాలుగు. కుబోటా నియోస్టార్ బీ2441, మహీంద్రా జీవో 245 డీఐ, జాన్ డీర్ 3028ఈఎన్, బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ వాళ్ల శక్తి వరసలోది ఒకటి. నాలుగూ పక్కపక్కన నిలబెడితే కొత్తవాడికి రంగు తప్ప తేడా కనిపించదు. వీఎస్‌టీని తొందరగానే పక్కన పెట్టాను, నా పనికి ఇంకాస్త శక్తి కావాలనిపించింది. మిగతా మూడింటి దగ్గరే అసలు ఆలోచన.

కుబోటా, జీవో రెండూ 24 హెచ్‌పీ బండ్లే. రెండింటికీ ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, వెనక పనిముట్టును పైకెత్తే లిఫ్ట్ సామర్థ్యం రెండింటికీ 750 కిలోలే. ఇక్కడిదాకా విన్నవాళ్లు ధర తక్కువ ఉన్నది తీసుకుంటే సరిపోతుందనుకుంటారు. లోపలికి వెళ్తే రెండూ వేరు. కుబోటాది మూడు సిలిండర్ల 1123 సీసీ ఇంజిన్, 2600 ఆర్‌పీఎం దగ్గర ఆ 24 హెచ్‌పీ ఇస్తుంది. జీవోది రెండు సిలిండర్లు, 1366 సీసీ, 2300 ఆర్‌పీఎం. ఒకటి ఎక్కువ వేగంతో తిరిగి శక్తి తెస్తుంది, ఇంకొకటి పెద్ద సిలిండర్లతో తక్కువ వేగంలో లాగుతుంది. పీటీఓ దగ్గర అందేది కంపెనీల లెక్కలో కుబోటాకు 17.4 హెచ్‌పీ, జీవోకు 22 హెచ్‌పీ. బానెట్ మీద ఒకే అంకె ఉన్న రెండు బండ్లకు వెనకాల షాఫ్టు దగ్గర నాలుగున్నర హెచ్‌పీ తేడా! కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ పథకం మార్గదర్శకాల్లో కూడా ట్రాక్టర్లను పీటీఓ హెచ్‌పీని బట్టే వర్గాలుగా విడదీశారు. రాయితీ వచ్చినప్పుడు మన బండి ఏ వర్గంలో పడుతుందో చూసుకోవాల్సింది కూడా ఆ అంకెతోనే.

మరి పీటీఓ శక్తి తక్కువ ఉన్న కుబోటా ఎందుకు తీసుకున్నావని చాలామంది అడిగారు. మా దారి ఇరుకు, సాళ్ల చివర తిరిగే చోటు ఇంకా ఇరుకు. ఈ బండి ముందు ఇరుసులో చక్రాలకు శక్తి బెవెల్ గేర్ల (ఏటవాలు పళ్ల గేర్లు) ద్వారా వెళ్తుంది, అందువల్ల ఫోర్ వీల్ వేసి ఉన్నా చక్రాలు పక్కకు బాగా తిరుగుతాయి. పవర్ స్టీరింగ్ ఉంది. కంచె పక్కన ఒకే తిప్పుతో పక్క సాలులోకి వెళ్లగలగడం రోజంతా మందు కొట్టేవాడికి ఎంత సుఖమో చెప్పలేను. బండి వెడల్పు మూడున్నర అడుగుల చుట్టూ ఉంటుంది, బరువు 650 కిలోల దరిదాపుల్లో. డ్రిప్ తడికి మెత్తబడ్డ నేల మీద ఇంత తేలిక బండి తిరిగితే మట్టి అంతగా గట్టిపడదు. జాన్ డీర్ 3028ఈఎన్ 28 హెచ్‌పీ, లిఫ్ట్ 910 కిలోలు, బరువు వెయ్యి కిలోలు దాటుతుంది. తోటంతా చీనీ అయ్యుంటే దాన్నే తెచ్చుకునేవాడిని. ఇరవై అడుగుల ఎడంలో ఆ బరువు బలమే అవుతుంది. దానిమ్మలో నాకు తేలికే కావాలి.

కొనేముందు చేసిన మంచి పని ఒకటి చెబుతాను, అందరికీ ఉపయోగపడుతుంది. మా జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ. అక్కడ రైతులకు శిక్షణ ఇస్తారు, యంత్రాలను పరీక్షిస్తారు. అలాంటిదే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉంది, ట్రాక్టర్ల పరీక్షలకు పేరున్నది. ఆ పరీక్షల నివేదికల్లో బ్రోచర్‌లో కనపడనివి ఉంటాయి. పీటీఓ దగ్గర నిజంగా ఎంత శక్తి కొలిచారు, దానికి ఎంత డీజిల్ తాగింది, లిఫ్ట్ ఎంత బరువెత్తింది, ఎంత బలంగా లాగింది, ఎంత చోటులో తిరిగింది, డ్రైవర్ చెవి దగ్గర శబ్దం ఎంత అని వివరంగా రాస్తారు. మీరు చూస్తున్న మోడల్ నివేదిక ఇమ్మని డీలర్‌ని అడగండి.

ఇక బ్లోయర్, అంటే ట్యాంకులోని మందును ఫ్యాను గాలితో చెట్ల మీద కొట్టే యంత్రం. తోట రైతుకు ట్రాక్టర్ అంటే తొంభై పాళ్లు బ్లోయరే. దానిమ్మకు వానాకాలంలో వారం పది రోజులకోసారి మందు కొట్టక తప్పదు. 400 లీటర్ల ట్యాంకు అంటే నీళ్లే 400 కిలోలు. దానికి ఫ్రేము, పంపు, ఫ్యాను కలిపితే ఇంకో రెండు వందల కిలోల దాకా తేలుతుంది. లిఫ్ట్ 750 కిలోలు కదా, ఇంకా మిగిలే ఉందిగా అని అమ్మేవాళ్లు అంటారు. ఆ 750 అనేది పనిముట్టు తగిలించే లింకు చివర, బంతుల దగ్గర చెప్పే లెక్క. ట్యాంకు బరువు పడేది అక్కడ కాదు, దానికి ఒకటి రెండు అడుగులు వెనక. అంత వెనక్కి జరిగిన కొద్దీ లిఫ్ట్ ఎత్తగలిగేది తగ్గుతుంది, ముందు చక్రాల మీద భారం కూడా తగ్గుతుంది. పక్క ఊళ్లో ఒకాయన ఇలాంటి చిన్న బండికే 600 లీటర్ల ట్యాంకు కట్టాడు. కాలువ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, స్టీరింగ్ పనిచేయలేదు. మనిషికి ఏమీ కాలేదు, అదే పదివేలు. నేను మొదటి నుంచీ 400 దాటలేదు, బండి ముందు భాగానికి తగిలించే ఇనుప వెయిట్లు లేకుండా ట్యాంకు ఎత్తలేదు. ఇన్నేళ్లలో గట్ల మీద కూడా ముందు భాగం నేలను వదలలేదు.

17.4 పీటీఓ హెచ్‌పీతో బ్లోయర్ ఫ్యాను తిరుగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. చాలా బ్లోయర్లకు ఫ్యాను గేర్‌బాక్సులో రెండు వేగాలు ఉంటాయి. దానిమ్మకు తక్కువ వేగం చాలు, చెట్టు ఎత్తు తక్కువ కాబట్టి ఆకు కింది వైపు కూడా మందు తడుస్తుంది. ముదురు చీనీ చెట్లకు ఎక్కువ వేగం వేస్తే ఇంజిన్ కష్టపడుతున్నట్టు చెవికే తెలుస్తుంది. అప్పుడు బండిని ఒక గేరు తగ్గించి నెమ్మదిగా నడుపుతాను, పని అవుతుంది. మామిడి తోటలున్న వాళ్లకు మాత్రం ఈ తరగతి బండి చెప్పను. ఆ ఎత్తుకు మందు చేరాలంటే ఇంతకంటే పీటీఓ శక్తి కావాలి.

మీరు ఏ మోడల్ చూసినా 540 పీటీఓ వేగం (షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరగడం) ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దగ్గర వస్తుందో అడగండి. పూర్తి రేజ్‌కి దగ్గరగా వస్తే రోజంతా ఆ శబ్దంలో కూర్చోవాలి, డీజిలూ అదే లెక్కన పోతుంది.

డెమో గురించి కూడా కాస్త చెప్పాలి. ఒక షోరూమ్ వాళ్లు రోడ్డు మీద ఒక రౌండు తిప్పించి డెమో అయిపోయిందన్నారు. ట్యాంకు నిండా నీళ్లతో నా తోటలో తిప్పి చూపించమంటే మొహం చాటేశారు. ఆ బండి ఎంత మంచిదైనా నాకు అక్కర్లేదనుకున్నాను. తోటకు వచ్చిన వాళ్లతో అన్నిటికంటే ఇరుకు సాలులో, అన్నిటికంటే వాలుగా ఉన్న మూలలో నడిపించాను. సైలెన్సర్ పైకి నిలువుగా ఉందా, పక్కకు ఉందా చూడండి. పైకి ఉంటే ప్రతి కొమ్మా దానికే తగులుతుంది.

రోటావేటర్ పని సంతృప్తిగా ఉంది. మూడు అడుగుల పైచిలుకు రోటావేటర్ కట్టి, తడి ఆరిన రెండో రోజు దున్నితే కలుపు మొత్తం మట్టిలో కలిసిపోతుంది. గంటకు రెండు నుంచి మూడు లీటర్ల డీజిల్ పడుతుంది, కలుపు ఎత్తును బట్టి. మూడు సిలిండర్ల వల్ల అదురు తక్కువ, సాయంత్రం దిగాక నడుము గుర్తుకు రాదు. గడ్డి ఎక్కువున్న రోజు మధ్యాహ్నం ఒకసారి ఆపి రేడియేటర్ జల్లెడ దులపాలి. దుమ్మూ గడ్డీ అడ్డుపడితే ఏ ట్రాక్టరైనా వేడెక్కుతుంది. అనంతపురం ఎండల్లో ఇది రోజువారీ పని అనుకోండి.

దీని పని కానివి కూడా చెప్పాలి. ఎండాకాలంలో గట్టిబడ్డ నేలలో గొర్రు లోతుగా వేయాలంటే ఇంత తేలిక బండి పట్టు దొరక్క చక్రాలు తిప్పుకుంటూ ఉంటుంది. లాగుడికి కావాల్సింది నేల మీద బరువు. వేసవి దుక్కికి నేను ఇప్పటికీ పెద్ద ట్రాక్టర్ బాడుగకు పిలుస్తాను, ఏడాదికి ఒకసారి పనే కాబట్టి భారం అనిపించదు. చీనీ కాయలు అనంతపురం మార్కెట్ యార్డుకు తోలేటప్పుడు కూడా దీన్ని రోడ్డెక్కించను. తోటలోంచి గట్టు దాకా చిన్న ట్రాలీలో కాయ చేరవేస్తుంది, అక్కడి నుంచి ఆటో ట్రాలీ. నిండు లోడు వెనక నుంచి తోస్తుంటే దిగుడులో బ్రేకులు ఎంత బాగున్నా ముందున్న బండి తేలికైతే ప్రమాదమే. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి, మినీ ట్రాక్టర్‌కి పెద్ద ట్రాలీ తగిలించకండి.

ఫోర్ వీల్ గురించి ఒక మాట. ముందు చక్రాలు వెనక వాటికంటే కొంచెం వేగంగా తిరిగేలా గేర్ల లెక్క కట్టి ఉంటుంది. మట్టిలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది, తారు రోడ్డు మీద కలవదు. టైర్లు అరుగుతాయి, ఇరుసు మీద ఒత్తిడి పడుతుంది. అందుకే రోడ్డెక్కగానే ఫోర్ వీల్ లివర్ తీసేయాలి. టైర్లు మార్చేటప్పుడు కూడా ముందు, వెనక పాత సైజులే వేయాలి. మా బండికి ముందు 7x12, వెనక 8.3x20. చౌకగా వచ్చిందని వేరే సైజు వేస్తే ఆ లెక్క మొత్తం చెడిపోతుంది.

మా బావమరిది ఆదోని వైపు పత్తి, మిరప వేస్తాడు. నేను కుబోటా తీసుకున్న మరుసటేడు అతను జీవో 245 తీసుకున్నాడు. అతని పొలంలో అదే సరైన బండి. వెనక టైర్లు 24 అంగుళాల రిమ్ముతో ఎత్తుగా ఉంటాయి కాబట్టి మోకాటి ఎత్తు పత్తి మీదుగా అంతర సేద్యం చేయగలడు. నల్లరేగడిలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర లాగే గుణం బాగా పనికొస్తుంది. పండక్కి వచ్చినప్పుడు అతను నా బండి నడిపి "ఎంత మెత్తగా ఉంది బావా" అంటాడు, నేను అతని బండి మీద గుంటక వేసి ఆ లాగుడు చూసి మెచ్చుకుంటాను. అయినా మార్చుకుందామని ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు. నా కొమ్మల కింద అతని ఎత్తు బండి ఇబ్బంది, అతని పైరు మీద నా పొట్టి బండి ఇబ్బంది.

నేను కొన్న తర్వాత ఈ తరగతిలో కొత్తవి వచ్చాయి. 2023లో మహీంద్రా ఓజా వరస వచ్చింది, మన తెలంగాణలోని జహీరాబాద్‌లోనే తయారవుతుంది. ముందుకు వెళ్లే గేర్లు పన్నెండు, వెనక్కి వెళ్లేవి పన్నెండు. అదే ఏడు స్వరాజ్ టార్గెట్ 630 వచ్చింది, 29 హెచ్‌పీ, లిఫ్ట్ 980 కిలోలు. 600 లీటర్ల బ్లోయర్ తప్పదనుకునే పెద్ద తోటల వాళ్లు మొదట ఆ లిఫ్ట్ అంకెలున్న వాటినే చూడాలి, సాలు వెడల్పు ఒప్పుకుంటేనే సుమా. ముందుకూ వెనక్కీ మాటిమాటికీ మారాల్సిన పని ఉన్నవాళ్లకు ఓజా లాంటి పన్నెండు పన్నెండు గేర్ల బండి బాగుంటుంది. కుబోటాలోనే ఇంకాస్త శక్తి కావాలంటే 27 హెచ్‌పీ బీ2741 ఉంది. ఈ రోజు మళ్లీ కొనాల్సి వస్తే నేను చూసేది దాన్నే. బండి ఒడ్డూ పొడుగూ దాదాపు ఇదే, చీనీ చెట్లకు బ్లోయర్ పెద్ద వేగంలో తిప్పడానికి ఆ మూడు హెచ్‌పీ అక్కరకొస్తుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి. పాత ధరల పట్టిక చూపించే వాళ్లుంటే కొత్త కొటేషన్ రాయించుకోండి. ముందు వెయిట్లు, హుక్కు, పందిరి ధరలో కలిసి ఉన్నాయో విడిగా వేశారో అందులోనే రాయించండి. బ్లోయర్ కొనే దుకాణంవాడిని కూడా అదే రోజు పిలిచి, ట్యాంకు నింపి, మీ తోటలోనే రెండూ కలిపి ఎత్తించి చూడండి. అడ్వాన్సు ఆ తర్వాత ఇవ్వచ్చు.