బండ్లా, కంచరగాడిదలా? 1876 గుర్రపుదళాలకు ఏది మేలు?

అమెరికా మైదానాల్లో లకోటా, షయాన్ అనే స్థానిక తెగల ప్రజల మీదికి వెళ్లిన అమెరికా సైన్యపు గుర్రపుదళాల గురించి చెప్పేవాళ్లు తుపాకులు, దాడుల దగ్గరే ఆగిపోతారు. నన్ను పట్టుకున్న ప్రశ్న మాత్రం తిండిది. సైన్యపు గుర్రానికి రోజుకు 12 పౌండ్ల గింజలు, 14 పౌండ్ల ఎండుగడ్డి అని లెక్క. లకోటాల పొట్టి గుర్రాలకు పచ్చిక చాలు. వందలాది గుర్రాలు వారాల తరబడి నడిచే చోట ఆ గింజల్ని ఎలా మోయించాలి? కంచరగాడిదలు లాగే బండ్ల మీదా, నేరుగా వాటి వీపు మీదా?

బరువే చూస్తే బండిదే పైచేయి. ఒక కంచరగాడిద వీపు మీద సుమారు 250 పౌండ్లు మోస్తుంది. అవే ఆరింటిని బండికి కడితే మొత్తం మీద రెట్టింపు సరుకు కదులుతుంది. 1874లో గుర్రపుదళ అధికారి కస్టర్ బ్లాక్ హిల్స్ కొండలకు వెళ్లినప్పుడు వందకు పైగా బండ్లు వెంట తీసుకెళ్లాడు. కానీ వాగు అడ్డొస్తే గట్టు తవ్వి దారి చేయాలి. వాన పడితే చక్రాలు దిగబడతాయి, వెనకున్న దండంతా ఆగిపోతుంది. డేరాలు విప్పుకుని పిల్లాపాపలతో రాత్రికి రాత్రే కదిలిపోయే జనాన్ని బండ్లతో అందుకోవడం కష్టం.

అందుకే నా ఓటు కంచరగాడిదకే. అయితే ఏదో ఒక కంచరగాడిదకు కాదు.

అదే సైన్యంలోని జనరల్ క్రూక్ అరిజోనాలో అపాచీ తెగతో పోరాడిన రోజుల్లోనే ఈ పని మీద మనసు పెట్టాడు. గడ్డి కూరిన అపరేహో జీనులు, బరువు జారకుండా కట్టే ముళ్లు, మెడలో గంట ఉన్న ఆడగుర్రం వెనకే నడిచే మంద, అదే వృత్తిగా బతికే మనుషులు, వాళ్లకు పెద్ద టామ్ మూర్. ఇదంతా కలిస్తేనే దాన్ని మూటల దండు అనాలి.

కస్టర్‌కు ఇవేవీ లేవు. 1876 జూన్ 22న 15 రోజుల తిండితో రోజ్‌బడ్ వాగు వెంట బయల్దేరినప్పుడు అతనికి దొరికినవి చాలావరకు బండ్ల నుంచి విప్పిన జంతువులు. మూట కట్టడం సైనికులకు రాదు. దారి పొడుగునా మూటలు జారాయి. జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర పోరు మొదలయ్యేసరికి అదనపు తూటాలతో సహా ఆ మందంతా వెనకే ఉంది. కస్టర్ తరఫున రాసి పంపిన ఆఖరి చీటీలో మూటలు తెమ్మని రెండుసార్లు ఉంది. కంచరగాడిదను ఎంచుకుని, నేర్పున్న మనిషిని పెట్టుకోకపోవడం బండి కన్నా ప్రమాదం.

మరి క్రూక్ గెలిచాడా? ఆగస్టులోనే బండ్లు వదిలేసిన అతను, సెప్టెంబర్‌లో కొద్ది రోజుల తిండి మాత్రమే మిగిలి ఉండగా బ్లాక్ హిల్స్ వైపు తిరిగాడు. ఎడతెగని వాన, బురద. కూలిన గుర్రాల్ని సైనికులు కోసుకు తిన్నారు. ఎంత మంచి మంద ఉన్నా వీపు మీద సరుకే లేకపోతే ఏం లాభం? మిగిలిన మంచి గుర్రాల మీద కెప్టెన్ మిల్స్ 150 మందితో, మూర్ మందతో తిండి కోసం ముందుకు వెళ్లాడు. దారిలో స్లిమ్ బ్యూట్స్ దగ్గర వాళ్లకు 37 డేరాల లకోటా ఊరు కనిపించింది. 9వ తేదీ తెల్లవారుజామున దాని మీద పడ్డారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా చనిపోయారు. శీతాకాలం కోసం ఆ కుటుంబాలు ఎండబెట్టుకున్న మాంసమే ఆ దండుకు తిండి అయింది.