పద్నాలుగేళ్లు డైమండ్ బ్లేడు, తొమ్మిదేళ్లు ముక్కుపుడక: వాడి చూశాక చెబుతున్నా

మా ఇంట్లో వజ్రాలు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి మా ఆవిడ ముక్కుపుడకలో. మిగతావన్నీ నా పనిసంచిలో. ముక్కుపుడకలోది ఆవగింజంత ఉంటుంది, దానికి నా రెండు నెలల కూలి పోయింది. సంచిలోవి ఎన్నో లెక్కే లేదు, బ్లేడు ఒక్కోటి నాలుగు వందల లోపే.

టెక్కలిలో గ్రానైటు, టైల్స్ పని చేయబట్టి పద్నాలుగేళ్లు. 'ఏ బ్లేడు కొనాలి మేస్త్రీ' అని కొత్త కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేద్దామని ఇది రాస్తున్నాను.

నాలుగంగుళాల బ్లేడు చేతిలోకి తీసుకుని చూడండి. మధ్యలో ఉన్నది ఉత్త ఉక్కు రేకు. అంచున బూడిద రంగులో అతికినట్టు కనిపించే ముక్కలే అసలు సరుకు, వాటినే సెగ్మెంట్లు అంటాం. వజ్రపు రవ్వలని లోహపు పొడిలో కలిపి, బాగా వేడిచేసి గట్టిగా నొక్కితే ఆ ముక్క తయారవుతుంది. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రానిది 10, అదే పైమెట్టు. గ్రానైటులో మెరిసే క్వార్ట్జ్‌ది 7. అందుకే మా టెక్కలి నీలం రాయి ఎంత మొండిదైనా చివరికి లొంగాల్సిందే. క్వారీలో పెద్ద దిమ్మలను కోసే వైరులో కూడా పూసల మీద ఉండేది ఇదే రవ్వ.

ఈ రవ్వ గనిలో దొరికింది కాదు, ఫ్యాక్టరీలో పుట్టింది. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు కార్బన్‌ను విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో పెట్టి వజ్రం చేసి చూపించారు. ఆ దారి దొరక్కపోతే నాలాంటివాడు వజ్రంతో రాయి కోయడమన్నది కలలో మాటే.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్పాలి. 'ఎక్కువ రోజులు వస్తుంది' అని కొట్టువాడు చెబితే బాగా గట్టి బ్లేడు కొన్నాను. నీలం స్లాబు మీద పెడితే అరంగుళం దిగి ఆగిపోయింది. నేను బలం వేసి నొక్కాను. నిప్పురవ్వలు లేచాయి, రేకు అంచు నీలంగా మారింది, కోత మాత్రం ముందుకు సాగలేదు. బ్లేడు అయిపోయిందనుకుని పారేయబోతుంటే మా పెద్ద మేస్త్రి వచ్చాడు. 'ఒరేయ్ గుంటా, దాని మీదెక్కి తొక్కితే కోస్తాదేటి? పోయి ఇటిక ముక్క పట్రా' అన్నాడు.

నాటు ఇటికలో నాలుగు గాట్లు కోయించాడు. తర్వాత అదే బ్లేడు రాయిలోకి మెత్తగా దిగింది. నాకేమో మంత్రం వేసినట్టనిపించింది.

మంత్రమేమీ లేదు. కోసేకొద్దీ పైనున్న వజ్రపు రవ్వలు మొద్దుబారతాయి, రాలిపోతాయి. వాటిని పట్టుకుని ఉన్న లోహం కూడా కొద్దికొద్దిగా అరిగితేనే కింద ఉన్న కొత్త రవ్వ బయటపడుతుంది. గట్టి గ్రానైటు నున్నటి పొడి ఇస్తుంది, అది లోహాన్ని అరగదీయలేదు. దాంతో అంచు అద్దంలా నునుపెక్కిపోతుంది. మా మేస్త్రి మాటలో బ్లేడు నిద్రపోయింది. ఇటికలోని గరుకు ఆ లోహాన్ని గీకి రవ్వలను లేపుతుంది. బ్లేడు తిప్పే గ్రైండర్ మిషను ప్లగ్గు తీసేసి అంచు మీద గోరుతో రాసి చూడండి. జారిపోతే నిద్రలో ఉన్నట్టు, గరగరలాడితే మేలుకుని ఉన్నట్టు. వెలుగులో పెట్టి చూస్తే ఒక్కో రవ్వ వెనకాల చిన్న తోకలా లోహం నిలిచి ఉంటుంది, రవ్వకి ఆసరా అదే. బ్లేడు మీద బాణం గుర్తు ఊరికే వేయలేదు. తిరగేసి బిగిస్తే ఆ ఆసరా పోయి రవ్వలు ముందే ఊడిపోతాయి.

కాబట్టి కొనేటప్పుడు ఉల్టాగా ఆలోచించాలి. గట్టి రాయికి మెత్తటి లోహం ఉన్న బ్లేడు, ఇటుకలకీ సిమెంటుకీ గట్టి లోహం ఉన్నది. కొట్టులో 'గ్రానైటుకా, సిమెంటుకా' అని అడగకుండా చేతిలో పెట్టేవాడి దగ్గర నేను కొనను. టైల్స్‌కైతే అంచు తెగకుండా చుట్టూ ఒకటే పట్టీలా ఉన్నది తీసుకోండి, లేకపోతే పింగాణీ పెచ్చులు లేస్తుంది.

ఫిర్యాదులు లేకపోలేదు. ఒకసారి చవకని కొన్న బ్లేడు సెగ్మెంటు ఊడి నా చెవి పక్క నుంచి దూసుకుపోయింది. బ్లేడు మీద అడ్డుగా ఉండే గార్డు తీసేసి పనిచేస్తున్నాను, తప్పు నాదీ ఉంది. ఇంకోసారి పాత శ్లాబు కోస్తూ లోపలి ఇనుప చువ్వ కూడా దీంతోనే తెంపేశాను, బ్లేడు సగం పాడైంది. బాగా కాగిన ఇనుము వజ్రంలోని కార్బన్‌ను లాగేసుకుంటుందట. చువ్వకి మామూలు ఇనుము కోసే చక్రమే వాడండి. అన్నిటికన్నా పెద్ద సమస్య దుమ్ము. గ్రానైటు పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. నీళ్లు పోస్తూ కోయండి, మాస్కు పెట్టుకోండి. బురద ఎవడు కడుగుతాడని నేను చాన్నాళ్లు పొడిగానే కోశాను. ఇప్పుడు చలికాలం వస్తే దగ్గు వదలదు.

పాలిష్ ప్యాడ్లలో ఉండేదీ వజ్రమే. గరుకైన 50 నంబరుతో మొదలుపెట్టి నున్నటి 3000 దాకా వెళ్తే పైన తిరిగే ఫ్యాను రెక్కలు స్లాబులో కనిపిస్తాయి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ గీత జన్మలో పోదు.

ఇక ముక్కుపుడక. నరసన్నపేటలో కొన్నాం. కొట్టువాడు 'ఐదు సెంట్లు' అన్నాడు. మా దగ్గర సెంటంటే నేల, ఐదు సెంట్లంటే ఇల్లు కట్టొచ్చు! వజ్రంలో సెంటంటే క్యారెట్‌లో నూరో వంతు. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే మాది మొత్తం పది మిల్లీగ్రాములు. బంగారం క్యారెట్ నాణ్యత లెక్క, ఇది బరువు లెక్క. నేను ఆ రోజు రెండూ కలిపేసి బేరమాడి నవ్వులపాలయ్యాను.

పెన్నులాంటి టెస్టరు ఆనించి 'అసలుదే' అని చూపించారు. వజ్రం రాగి కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, ఆ పెన్ను పట్టుకునేది దాన్నే. కానీ మోయిసనైట్ అనే రాయి కూడా ఆ పెన్నుని బోల్తా కొట్టిస్తుంది, కాబట్టి సర్టిఫికెట్ అడగండి. మా బావమరిది అయితే 'అసలు వజ్రం సుత్తితో కొట్టినా పగలదు బావా, చూద్దామా' అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. వజ్రాన్ని గీయాలంటే మరో వజ్రమే కావాలి, నిజమే. కానీ దానికి చీలే దిక్కులున్నాయి, సుత్తి దెబ్బ పడితే పగిలి ముక్కలవుతుంది.

తొమ్మిదేళ్లలో అరుగు లేదు, గీత లేదు. మెరుపు మాత్రం నెలకోసారి తగ్గుతుంది. వజ్రానికి జిడ్డంటే ప్రాణం. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద మట్టినీళ్లు పారించి వజ్రాలు అంటుకునేలా చేసేవారు. మా ఆవిడ కొబ్బరినూనె, పసుపు ఆ పనే చేస్తాయి. గోరువెచ్చని సబ్బునీళ్లు, పాత బ్రష్షు, అంతే చాలు.

ఈమధ్య ఫ్యాక్టరీ వజ్రాల నగలు చాలా తక్కువకి వస్తున్నాయి. అవీ కార్బనే, అవీ వజ్రాలే. మా ఆవిడతో 'ఈసారి అలాంటివి చెవులకి తీసుకుందామా' అన్నాను. 'నీ బ్లేడు పొడి నేను చెవులకెట్టుకోవాలేటి?' అంది. మా దగ్గర పనిచేసే కర్నూలు జిల్లా తుగ్గలి కుర్రాడు పడీపడీ నవ్వాడు. తొలకరి పడగానే వాడు సెలవు పెట్టి ఊరెళ్లిపోతాడు, జొన్నగిరి వైపు చేలల్లో వజ్రాలు వెతకడానికి. ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. మళ్లీ వచ్చి నా బ్లేడే పట్టుకుంటాడు.

మార్కులంటారా, బ్లేడుకి ఐదుకి నాలుగున్నర, ఆ సగం దుమ్ముకి కోత. ముక్కుపుడకకి మార్కులు వేసే హక్కు నాకు లేదు. ఇప్పుడు వాడుతున్న బ్లేడు కొన్నప్పుడు 110 మిల్లీమీటర్లు, నిన్న కొలిస్తే 97. సెగ్మెంటు గోరంత మిగిలింది. శుక్రవారం సంతబొమ్మాళిలో వంటగట్టు పని ఉంది, దానికి సరిపోతుందనుకుంటున్నా. సంచిలో ఇటిక ముక్క మాత్రం వేసుకున్నాను.