ఒకే పీసీలో రెండు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు: ఎవరికి పనికొస్తాయి?

గేమ్స్ కోసమైతే వద్దే వద్దు. రెండు కార్డులను కలిపి గేమ్ నడిపే ఎస్‌ఎల్‌ఐకి కాలం చెల్లిపోయింది, ఇప్పటి గేముల్లో రెండో కార్డు ఊరికే ఉంటుంది. ఇంట్లో పెద్ద ఏఐ మోడల్స్ నడిపేవాళ్లకు మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఈ జోడీ ఇప్పటికీ బంగారమే. కార్డుకు 24 జీబీ చొప్పున మొత్తం 48 జీబీ మెమరీ. 4 బిట్‌కు కుదించిన (ఒక్కో సంఖ్యను 4 బిట్లలోనే దాచిన) 70 బిలియన్ల పారామీటర్ల మోడల్ సుమారు 40 జీబీ తీసుకుంటుంది, దాని లేయర్లను (పొరలను) రెండు కార్డులూ పంచుకుంటాయి, కార్డులను నేరుగా కలిపే ఎన్‌వీలింక్ బ్రిడ్జి లేకపోయినా నడుస్తుంది. 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రెండరింగ్ వేగం పెరుగుతుంది గానీ, ఎన్‌వీలింక్ లేకుంటే సీన్ మొత్తం ఒక్కో కార్డు 24 జీబీలోనే పట్టాలి.

అసలు తలనొప్పి వేడి. ఈ కార్డులు చాలావరకు మూడు స్లాట్ల మందం. రెండూ ఆనుకుని ఉంటే కింది కార్డు వదిలే వేడిగాలినే పైది పీలుస్తుంది. పైగా 3090లో సగం మెమరీ చిప్స్ వెనకవైపు ఉంటాయి. కోర్ (ప్రధాన చిప్) 70 డిగ్రీలే చూపిస్తున్నా మెమరీ 110 తాకి వేగం పడిపోవచ్చు, కాబట్టి ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో మెమరీ జంక్షన్ (మెమరీ చిప్స్ వేడి) చూడండి. మధ్యలో ఖాళీ దొరక్కపోతే ఒక కార్డును స్లాట్‌కు దూరంగా పెట్టడానికి రైజర్ కేబుల్ తప్పదు.

మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఎక్స్8/ఎక్స్8 అని (అంటే రెండు స్లాట్లకూ ఎనిమిదేసి పీసీఐఈ లేన్లు) ఉందో లేదో కొనేముందే చూసుకోండి. చాలా బోర్డుల్లో రెండో స్లాట్ చిప్‌సెట్ నుంచి వచ్చే ఎక్స్4 (నాలుగు లేన్లు) మాత్రమే.

కార్డుకు 350 వాట్లు, క్షణకాలం అంతకు మించి లాగుతుంది. అందుకే 1000 వాట్ల పీఎస్‌యూతో (పవర్ సప్లైతో) లోడ్ పడగానే సిస్టమ్ ఆగిపోవచ్చు. 1300 తీసుకోండి, కార్డు మీది ప్రతి 8 పిన్ పవర్ కనెక్టర్‌కూ విడి కేబుల్ వేయండి. పవర్ లిమిట్ 280 వాట్లకు దించితే వేగం కొద్దిగానే తగ్గుతుంది. రీబూట్ చేస్తే ఆ సెట్టింగ్ పోతుంది, స్టార్టప్ స్క్రిప్ట్‌లో పెట్టేయండి.