ఆంటిక్ లవ్‌సీట్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు దాని అడుగు చూడండి

పాతకాలపు లవ్‌సీట్, అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న సోఫా, కొనాలనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేను మోసపోయాను. పోయిన డబ్బు కన్నా, దానివల్ల మా అమ్మ కింద పడిందన్న బాధే నన్ను ఎక్కువ తినేస్తోంది.

ప్రకటనలో "150 ఏళ్ళ నాటి అసలైన ఆంటిక్, రోజ్‌వుడ్, చట్రం గట్టిగా ఉంది, కొత్త గుడ్డ వేయించాం, వెంటనే వాడుకోవచ్చు" అని రాశారు. ఫొటోలన్నీ ముందువైపు నుంచి తీసినవే. వెళ్ళి చూశాను, కూర్చున్నాను, వీపు ఆనే భాగం మీది ద్రాక్షగుత్తుల చెక్కడం చూసి మురిసిపోయాను. ఒకసారి తిప్పి అడుగు చూస్తానంటే అమ్మేవాడు "కొత్త గుడ్డ నలిగిపోతుందండీ, పాత వస్తువును ఎక్కువ కదపకూడదు" అన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఆ క్షణంలోనే వెనక్కి తిరిగి వచ్చేయాల్సింది.

ఇంటికి తెచ్చిన మూడో వారం అది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. లేచేటప్పుడు ఏదో ఒకదాని మీద బరువు మోపి లేస్తుంది. ఆ రోజు సోఫా కుడి చేతిని పట్టుకుని లేవబోయింది. అది మొదలంటా ఊడి వచ్చింది, అమ్మ పక్కకు ఒరిగి నేల మీద పడింది. ఎముక విరగలేదు గానీ మణికట్టు వాచి రెండు వారాలు ఏ పనీ చేసుకోలేకపోయింది.

ఆ సాయంత్రమే దాన్ని బోర్లించి అడుగున కొట్టిన నల్లగుడ్డ విప్పాను. విప్పినకొద్దీ ఒక్కో అబద్ధం బయటపడింది.

మొదట కనిపించినవి స్టార్ స్క్రూలు, తలమీద ప్లస్ గాడి ఉండేవి. వాటికి హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు వచ్చింది 1936లో. 150 ఏళ్ళ వస్తువులో అవి మొదటినుంచీ ఉండే అవకాశమే లేదు. అయితే ఒక్క స్క్రూని చూసి తీర్పు చెప్పేయకూడదు, తర్వాత ఎవరైనా మరమ్మతు చేసి బిగించి ఉండవచ్చు. అందుకే పక్కన పాత జాయింట్ ఆనవాళ్ళ కోసం వెతికాను. ఆ కాలపు వడ్రంగులు ఒక చెక్క కొనను సన్నగా చెక్కి రెండో చెక్క తొర్రలో దింపి, తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురుతో అతికించేవాళ్ళు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. చెయ్యినీ చట్రాన్నీ కలిపింది రెండు స్క్రూలు, ఎల్ ఆకారపు ఇనప పట్టీ, వాటి మీద గట్టిపడిన ఎపాక్సీ, అంటే ఈ కాలపు రసాయన జిగురు. అంతే.

మేకుల గుంతలు ఇంకా స్పష్టంగా చెప్పాయి. నూరేళ్ళు దాటిన సోఫాకు ఎన్నోసార్లు గుడ్డ మార్చి ఉంటారు. మార్చినప్పుడల్లా కొత్త మేకులు పడతాయి కాబట్టి, సీటు చుట్టూ ఉండే చెక్క జల్లెడలా గుంతలతో ఉంటుంది. నా దాంట్లో ఒకే ఒక్క వరస, అదీ స్టేపుల్ పిన్నులది. ఆ చట్రం మీద గుడ్డ పరిచింది అదే మొదటిసారి.

ఇక సీటు. స్ప్రింగుల సీట్లు 19వ శతాబ్దం మొదటి సగం నుంచి వాడుకలోకి వచ్చాయి. ఆనాటి పద్ధతిలో అడుగున జనపనార నవారు అల్లి, దాని మీద స్ప్రింగులను పురికొసతో కట్టి, పైన గుర్రపు వెంట్రుకలు పరుస్తారు. నా దాంట్లో ప్లైవుడ్ పలక, దాని మీద పసుపుపచ్చ ఫోమ్. ఫర్నిచర్‌లో ఆ ఫోమ్ విరివిగా వచ్చింది 1950ల తర్వాతే. పాత సోఫాకు ఫోమ్ వేయించడం తప్పని నేననను, సౌకర్యం కోసం చాలామంది వేయిస్తారు. వేయించామని చెప్పి అమ్మితే గొడవే లేదు, దాచి "అంతా ఒరిజినల్" అనడమే మోసం.

బేరంలో జాన్ హెన్రీ బెల్టర్ పేరు కూడా వాడారు. 19వ శతాబ్దం మధ్యలో న్యూయార్క్‌లో పనిచేసి 1863లో చనిపోయిన గొప్ప పనివాడు ఆయన. పలచటి రోజ్‌వుడ్ పొరలను ఒకదాని మీద ఒకటి అతికించి, ఆవిరితో వంచి, ఆ వంపు మీద చెక్కడం చేయించేవాడు. అందుకే అలాంటి సోఫా వెనుక పలక అంచును చూస్తే పొరలు గీతలుగా కనిపిస్తాయి. నా దాని అంచున గీత అన్నదే లేదు. మామూలు చెక్కకు ముదురు రంగు పూశారు, అదీ లోపలి భాగాలకు కూడా ఒకే రకంగా. గాలి తగిలి తనంతట తాను నల్లబడిన చెక్క అలా ఏకరంగుగా ఉండదు.

ఇంత చూశాక కూడా, నకిలీ అయితే అయింది, మరమ్మతు చేసి వాడుకుందాం అనుకున్నాను. కాళ్ళ దగ్గర సన్నటి పొడి చూశాక ఆ ఆశా పోయింది. చెక్కలో 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు. పుచ్చు. పాత రంధ్రాలైతే లోపల నల్లబడి ఉంటాయి, ఇవి తెల్లగా తాజాగా ఉన్నాయి. పాత వస్తువును కదిపితే ఎప్పటిదో పొడి కూడా రాలుతుంది, కాబట్టి పొడి కనిపించగానే కంగారు పడక్కర్లేదు. శుభ్రంగా తుడిచి, కింద నల్లకాగితం పరిచి, కదపకుండా కొన్ని వారాలు వదిలేయండి. మళ్ళీ పొడి పడిందంటే లోపల పురుగు బతికే ఉంది. నా కాగితం మీద పదో రోజుకే చిన్న చిన్న కుప్పలు. ఈ పురుగు చెక్క లోపల రెండు నుంచి ఐదేళ్ళు తింటూ ఉండి, రెక్కలొచ్చాక రంధ్రం చేసుకుని బయటికొస్తుంది, పక్కనున్న సామాను మీదా గుడ్లు పెట్టగలదు. పక్కనే మా నాన్న పుస్తకాల బీరువా ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే. పాలిష్ ఉన్న చెక్క మీద పైపైన మందు పూస్తే లోపలికి ఇంకదని కూడా అప్పుడే తెలిసింది.

అమ్మినవాడికి ఫొటోలన్నీ పంపాను. "మీరు సరిగ్గా వాడలేదు" అని ఒక్క జవాబు, తర్వాత మౌనం. రసీదు మీద "పాత సోఫా – 1" అని మాత్రమే ఉంది. ఆంటిక్ అన్న మాట గానీ, ఏ కాలానిదో గానీ, ఏ చెక్కో గానీ లేవు. సాధారణంగా నూరేళ్ళు దాటినదాన్నే ఆంటిక్ అంటారు, వింటేజ్ అన్న మాటకు అలాంటి గట్టి హద్దేమీ లేదు. కాబట్టి మీరు కొంటే కాలం, చెక్క, చేసిన మరమ్మతులు, మార్చిన భాగాలు అన్నీ రసీదులో రాయించుకోండి. రాయను అంటే కొనకండి.

వెళ్ళేటప్పుడు టార్చ్ తీసుకెళ్ళండి, తోడుగా ఇంకొకరిని కూడా. ఇద్దరూ సీటు చట్రం పట్టుకుని ఎత్తండి, సోఫా చేతులు పట్టుకుని కాదు. అసలైన వాటికైనా చేతుల జాయింట్లే ముందు వదులవుతాయి. ఒక ముందుకాలును కొద్దిగా పైకి లేపితే రెండోది వెంటనే లేవాలి, చట్రం మెలితిరిగినట్టు కదిలితే జాయింట్లు పోయినట్టే. గుడ్డ కుట్లలో, మడతల్లో నల్లటి చుక్కలున్నాయేమో చూడండి, నల్లులు తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. తడి వాసనను కొత్త గుడ్డ ఎక్కువ రోజులు దాచలేదు.

నిజంగా మంచిదే దొరికితే కిటికీ ఎండకూ హీటరుకూ దూరంగా పెట్టుకోండి, వేడికి చెక్క ఎండి జాయింట్లు వదిలేస్తాయి. వీపు నిటారుగా, సీటు ఇరుకుగా ఉంటుంది కాబట్టి రోజూ గంటలకొద్దీ కూర్చునే సోఫాగా అది పనికిరాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను మాత్రం దాని చేతుల మీద బరువు మోపనివ్వకండి. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నా లవ్‌సీట్ ఇప్పుడు ప్లాస్టిక్ చుట్టి బయటి షెడ్డులో ఉంది. బీరువా కింద నల్లకాగితం ఇంకా అలాగే పరిచి ఉంచాను, రోజూ పొద్దున్నే వంగి చూస్తున్నాను. మీరు ఏదైనా కొనబోతూ అనుమానంగా ఉంటే అడుగు ఫొటో తీసి నాకు చూపించండి, తెలిసినంతలో చెప్తాను.