వర్క్‌బుక్కా, ఫోనా, మామ్మ కుంచమా?

వేసవి సెలవులిచ్చిన వారానికే మా ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. నాది వర్క్‌బుక్ పార్టీ. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కొట్లో లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు కలిపి పిల్లలిద్దరికీ ఆరు పుస్తకాలు కొనుక్కొచ్చాను. మా ఆయనది ఫోన్ పార్టీ. "ఫ్రీగా దొరికేదానికి డబ్బులెందుకు తగలేయడం?" అంటారు. మా అత్తగారు ఏ పార్టీలోనూ చేరలేదు. బియ్యం ఎండబెట్టి కొలిచి పోద్దామని అటక మీంచి పాత ఇత్తడి కుంచం దింపించుకున్నారు, అంతే. ఆ కుంచమే ఇంత దూరం తెస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

పెద్దది ఐదో తరగతిలోకి వెళ్తోంది, చిన్నాడు మూడు పూర్తి చేశాడు. ఇది ఇబ్బంది వయసు. బొమ్మలకి రంగులేయమంటే "మేమేమైనా చిన్నపిల్లలమా?" అంటారు. పెద్ద ప్రాజెక్టు ఏదైనా అప్పజెబితే పది నిమిషాల్లో నీరుగారిపోతారు. సొంతంగా చదవగలరు, కానీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఇలాంటి వాళ్లకి ఇంట్లో ఏం చేయిస్తే మేలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు నా పార్టీ సంగతి. వర్క్‌బుక్‌తో సుఖమేంటంటే, కుక్కర్ పెట్టుకుంటూ కూడా "ఇవాళ్టి పేజీ అయ్యిందా?" అని కేకేయొచ్చు. ఎక్కాలకి దాన్ని మించింది లేదు. ఏడు ఎనిమిదులు యాభై ఆరని సంతకెళ్తేనో, వంటింట్లో నిలబడితేనో దానంతటది రాదు. రాయాలి, అప్పజెప్పాలి, మర్చిపోవాలి, మళ్లీ రాయాలి. గుణకారం, భాగహారం చేతికి అలవాటు కావడానికీ అంతే. ఈ విషయంలో నేను ఇప్పటికీ నా పార్టీ మారలేదు.

పెద్దది నాలుగు రోజుల్లో పదిహేను పేజీలు పూర్తి చేసింది. అన్నీ రైటే. నేను మురిసిపోయి ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఐదో రోజు భిన్నాల పేజీలో ఒక్కటి తేడాగా కనబడింది. ఎనిమిది ముక్కల చక్రంలో మూడింటికి రంగుంది, జవాబు 3/8 రావాలి. మా అమ్మాయి 3/6 అని రాసింది. ఎందుకో అనుమానమొచ్చి పుస్తకం వెనక జవాబులు తిప్పి చూశాను. అక్కడా 3/6 అనే ఉంది. అచ్చుతప్పు! అచ్చుతప్పుతో సహా దించేసింది.

తిట్టాననుకోండి. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, దాని తప్పేముంది అనిపించింది. ఆ పుస్తకంలో తన జవాబు తప్పో ఒప్పో పిల్లకి తనంతట తెలిసే దారే లేదు. వెనక పేజీ చెప్పాలి, లేకపోతే అమ్మ చెప్పాలి. అప్పట్నుంచీ పిల్లలకి ఏ పని ఇచ్చినా ముందు ఒకటే చూసుకుంటున్నాను. ఇందులో తప్పు చేస్తే ఆ సంగతి పిల్లకి ఎవరు చెప్తారు?

ఫోన్ ఈ పరీక్షలో నెగ్గాలి నిజానికి. క్విజ్‌లో తప్పు జవాబు నొక్కితే వెంటనే ఎరుపు, ఒప్పు నొక్కితే పచ్చ. కానీ చిన్నాడు దానికి రెండు రోజుల్లో మందు కనిపెట్టాడు. "నాలుగే ఉంటాయి కదమ్మా, మూడు తప్పు నొక్కినా నాలుగోది ఒప్పే." నిజమే, వాణ్ణి ఏమనగలం?

అలాగని ఫోన్‌ని తీసిపారేయలేను. కథలకి అది బంగారం. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. మా వీధిలో పిల్లల కథల పుస్తకం కావాలంటే ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. రీడ్ అలాంగ్ అనే గూగుల్ యాప్ అయితే పిల్లలు పైకి చదువుతుంటే వింటుంది కూడా. బడి పుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠం వీడియోలు వస్తాయి. ఇబ్బందల్లా ఒక వీడియో అయ్యేసరికి ఇంకోటి దానంతటదే మొదలవడం. నీటి చక్రం చూడమని ఇచ్చి స్నానానికెళ్లి వచ్చేసరికి ఎవరో కేకు కోస్తుంటారు.

ఇంగ్లీషు వర్క్‌బుక్ కొనబోయే వాళ్లకి ఒక మాట. ప్రభుత్వ బడి పుస్తకాల్లో భాషలవి తప్ప మిగతావాటిలో ఒక పక్క పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు పక్కన అట్ట అడ్డం పెట్టి ఇంగ్లీషు చదివించండి, అర్థం చెప్పించండి, అట్ట తీసి చూసుకోమనండి. తప్పు పుస్తకమే చెప్తుంది. పైసా ఖర్చు లేదు. ఈ పని తట్టకముందే నేను డబ్బులు తగలేశాను.

ఇక కుంచం. ఆ రోజు మా అత్తగారు హాల్లో గుడ్డ పరిచి బియ్యం పోసుకుని కూర్చున్నారు. మా ఇంట్లో ఇప్పుడు మిగిలింది సోల, తవ్వ, కుంచం. ఆవిడ లెక్క ఇలా ఉంటుంది: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఊరిని బట్టి అటూ ఇటూ అవుతుందేమో గానీ మా ఇంట్లో ఇదే. కుంచానికి ఎన్ని సోలలు పడతాయో చెప్పమని పిల్లల్ని అడిగారు. చిన్నాడు పది అన్నాడు. పెద్దది ఇరవై అంది. కొలిచి చూస్తే పదమూడుకే నిండిపోయింది.

"ఏటమ్మా, గోపురం కట్టీసి పోత్తే అలాగే అవుద్ది. పైన చేత్తో తుడిసీసి పొయ్యి," అన్నారావిడ. మళ్లీ మొదలు. ఈసారి సరిగ్గా పదహారు. ఎవరూ టిక్కు పెట్టలేదు, ఎవరూ తప్పని అనలేదు. నిండిందా లేదా అన్నది కళ్ల ముందే ఉంది.

అప్పుడు నేను ఆ 3/8 పేజీ తెచ్చి పక్కన పెట్టాను. కుంచానికి ఎనిమిది తవ్వలు. ఎనిమిదింట్లో మూడంటే మూడు తవ్వల బియ్యం. మరి 3/6? పెద్దది కాసేపు కుంచం కేసి చూసి, "ఆరింట్లో మూడంటే సగం కదా, నాలుగు తవ్వలవుతాయి," అంది. మూడు తవ్వలు ఒక కుప్ప, నాలుగు తవ్వలు ఇంకో కుప్ప పోసుకుంది. రెండూ ఒకటి కాదని చెప్పడానికి వెనక పేజీ అవసరం పడలేదు. అంతవరకూ భిన్నమంటే దానికి ఒకదాని మీద ఒకటి రాసిన రెండు అంకెలు, మధ్యలో గీత.

మర్నాడు ఉత్సాహం ఎక్కువై ఇడ్లీ పిండికి నేనే కొలుస్తానంది. మినప్పప్పు ఒకటికి రవ్వ రెండు. తిరగేసింది. పొద్దున్న ఇడ్లీలు చేతికి అంటుకుని వదల్లేదు. మా ఆయన మాత్రం మాట్లాడకుండా తినేశారు, పాపం. అది ఇంక జన్మలో నిష్పత్తి తిరగెయ్యదు.

మా డాబా మీద నీడ సంగతి ఇంకా పెద్ద కథ. ఇది మా ఆయన, నేను ఇద్దరం నెగ్గామని చెప్పుకునేది. మన శ్రీకాకుళంలో మే 12, 13 ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా ఉన్న దేనికీ పక్కన నీడ పడదు. విజయనగరం వాళ్లకి ఇంచుమించు ఒక రోజు ముందు. ఢిల్లీలో ఇది ఎప్పటికీ జరగదు, కర్కట రేఖకి అవతల ఉంది కాబట్టి. ముందు రోజు మా ఆయన పిల్లలకి నాలుగు నిమిషాల వీడియో చూపించారు. భూమి వంపు 23.5 డిగ్రీలు, బొమ్మ గిర్రున తిరగడం, అన్నీ ఉన్నాయి. "తెలిసిపోయింది," అన్నారిద్దరూ. ఏం తెలిసిందిరా అంటే దిక్కులు చూశారు.

మర్నాడు పదకొండున్నర నుంచీ డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి, పది నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టమన్నాం. (చెప్పులేసుకుని ఎక్కండి. మే నెల డాబా పెనమే.) పన్నెండు కొట్టగానే నీడ పోతుందని కాచుకున్నారు. కానీ పదకొండు యాభైకే నీడ గ్లాసు కిందకి దూరిపోయింది. పన్నెండింటికి అటుపక్క నుంచి మళ్లీ తొంగి చూస్తోంది. గడియారం తప్పన్నాడు చిన్నాడు. రెండు ఫోన్లలో చూశాం, టైము సరిగానే ఉంది.

ఇప్పుడు వీడియో పనికొచ్చింది. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖ టైముకి నడుస్తాయి. ఆ రేఖ కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. మనం దానికి సుమారు 1.4 డిగ్రీలు తూర్పున ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మనకి ఐదారు నిమిషాలు ముందే నెత్తి మీదకొస్తాడు. మే నెలలో భూమి నడకని బట్టి ఇంకో మూడు నాలుగు నిమిషాలు కలుస్తాయి. అదే వీడియో మళ్లీ పెట్టమని పిల్లలే అడిగారు. ఈసారి ఆపి ఆపి చూశారు. ముందు చూపిస్తే వినోదం, ముడి పడ్డాక చూపిస్తే పాఠం. ఫోన్ ఎప్పుడివ్వాలన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంతే.

ఆ సాయంత్రం పెద్దది ఇంకోటి అడిగింది. అరసవల్లి సూర్యదేవుడి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద ఏడాదికి రెండుసార్లే ఎందుకు పడతాయి, మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి? ఇన్నేళ్లూ తెల్లారకుండా వెళ్లి లైన్లో నిలబడ్డాను గానీ నాకు ఈ ప్రశ్న రాలేదు. సూర్యుడు ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి అదే చోట ఉదయిస్తాడు. మరైతే మన గ్లాసు నీడ కూడా రెండోసారి పోవాలి కదా అంది. పోతుంది, జులై నెలాఖరులో. కాకపోతే అప్పటికి మబ్బులు.

తెలుగుకి మా ఇంట్లో కుదిరిన పని చాలా చిన్నది. వర్క్‌బుక్‌లో వ్యతిరేక పదాలు, ఖాళీలు పూరించడాలు పది నిమిషాల్లో చేసి పడేసేవారు. దానికి బదులు ఒక పాత నోటు పుస్తకంలో రెండు గడులు గీసిచ్చాను. ఒక పక్క మామ్మ అనే మాట, రెండో పక్క పుస్తకంలో మాట. బేగి, త్వరగా. ఏటి, ఏమిటి. కూకో, కూర్చో. ఒగ్గేయ్, వదిలేయ్. రెండు వారాల్లో నలభై దాటాయి. విన్నదాన్ని విన్నట్టు రాయాలంటే ఎక్కడ ఒత్తు, ఎక్కడ దీర్ఘం అని వాళ్లే కొట్టుకున్నారు. తప్పు రాస్తే మామ్మకి చదివి వినిపించగానే ఆవిడ పకపకా నవ్వేది, దిద్దుబాటు అదే. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట మా జిల్లాదే. ఆయన సవర గిరిజనుల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటలు విని రాసుకుని సవర భాషకి నిఘంటువే చేశారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి బడిలో ఉపన్యాసం ఇవ్వమంటే మా పిల్లలకి ఈసారి చెప్పడానికేదో ఉంది.

ఇన్ని చెప్పి కష్టం దాచడం బాగోదు. కుంచం పాఠానికి ఆదివారం పొద్దుటంతా పోయింది, హాలంతా బియ్యం. నీడకి ఇద్దరు పెద్దవాళ్లం పని మానుకున్నాం. ఇంట్లో మామ్మ లేని వాళ్లు, సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేవాళ్లు రోజూ ఇలాంటివి చేయించలేరు, నేనూ చేయించలేను. అందుకని మామూలు రోజుల్లో ఎక్కాలు, లెక్కలు ఒక్క పేజీ, జవాబుల కాగితాలు చింపి నా బీరువాలో. రాత్రి ఫోన్‌లో ఒక కథ, పైకి చదవాలి, ఫోన్ నా చేతిలో. ఆదివారం మాత్రం కొలిచేదో, పోసేదో, వండేదో ఒకటి. మూడింట్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఆదివారం ఉంచుకుంటాను. ఎక్కాలు కాస్త వెనకబడితే వెనకబడనీ, స్కూల్లో ఎలాగూ చేయిస్తారు.

మొన్న నోటు పుస్తకంలోకి కొత్త మాట వచ్చింది: వీసం. పదహారో వంతు. కుంచంలో సోల వీసం అన్నమాట. చిన్నాడు "రూపాయిలో వీసం ఎంత?" అన్నాడు. అణా అన్నారు మామ్మ. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలే. అణాకి ఎన్ని నయా పైసలో తేల్చాలని పెద్దది వందని పదహారుతో భాగించింది. ఆరు వచ్చింది, నాలుగు మిగిలాయి. ఆ నాలుగు పైసలూ ఏమయ్యేవని ఇద్దరూ మామ్మ మీద పడ్డారు.

"ఏటవుతాయి, కొట్టోడు మింగీసీవోడు," అన్నారావిడ.