అన్యూరిజం ఉన్నవాళ్లకి మెడికల్ షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొంటున్నారా? జాగ్రత్త!

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా. అది ఎక్కడైనా ఉబ్బితే అన్యూరిజం అంటారు. మీ ఇంట్లో ఎవరికైనా అది ఉందని డాక్టర్ చెప్పి ఉంటే దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మా నాన్నగారికి పొట్టలో అయోర్టా వెడల్పు 4.6 సెంటీమీటర్లు ఉంది. మామూలుగా అక్కడ 2 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, 3కి చేరితే అన్యూరిజమే. మగవాళ్లకి 5.5 దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది, ఆడవాళ్లకి ఇంకాస్త ముందే. అప్పటిదాకా బీపీ అదుపులో ఉంచుకోవాలి, సిగరెట్ ముట్టకూడదు, చెప్పిన టైముకి స్కాన్ చేయించుకోవాలి. నాన్నగారు ఇవన్నీ తప్పకుండా పాటిస్తున్నారు.

మొన్నామధ్య ఆయనకి విరేచనాలు పట్టుకుంటే అమ్మ వీధి చివర షాపుకి వెళ్లింది. కౌంటర్లో కుర్రాడు ఎవరికి, వయసెంత, వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని ఒక్క ముక్క అడగలేదు. స్ట్రిప్‌లోంచి ఆరు బిళ్లలు కత్తిరించి, కవర్లో వేసి, పొద్దునొకటి రాత్రొకటి అన్నాడట. బిల్లు లేదు. సాయంత్రం నేను తీసి చూస్తే బ్రాండ్ పేరు సగమే ఉంది, ఎక్స్‌పైరీ తేదీ కత్తెరకే పోయింది. వెనకాల చిన్న అక్షరాల్లో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ అని ఉంది. పక్కనే నిలువుగా ఎర్ర గీత. చీటీ లేకుండా అమ్మకూడదని, వాడకూడదని ఆ గీత అర్థం.

వెంటనే నాన్నగారిని చూసే వాస్కులర్ సర్జన్‌కి (రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్‌కి) ఫోన్ చేశాం. ఆ బిళ్లలు ఆపేసి ఓఆర్ఎస్ తాగించమన్నారు, మర్నాడు పిలిపించి చూశారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. విరేచనాలు వాటంతటవే తగ్గిపోయాయి. షాపుకి వెళ్లి అడిగితే ఓనరు, "అందరికీ ఇదే ఇస్తామండీ, ఎవరికీ ఏం కాలేదు" అన్నారు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. అందరికీ అన్యూరిజం ఉండదు కదా!

పేరు చివర 'ఫ్లాక్సాసిన్' అని ఉండే మందులన్నీ ఒకే కుటుంబం. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ అన్నీ ఇందులోవే. విరేచనాలకి, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మన దగ్గర తెగ వాడతారు. వీటివల్ల అరుదుగా అయోర్టా చీలడం, పగలడం జరగొచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది. అన్యూరిజం ఉన్నవాళ్లకి, వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్లకి వేరే దారి లేనప్పుడు తప్ప ఇవ్వొద్దంది. మార్ఫాన్ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్యలున్నవాళ్లనీ, బీపీ ఉన్నవాళ్లనీ, పెద్ద వయసువాళ్లనీ కూడా ఆ లెక్కలోనే చేర్చింది. ఈ హెచ్చరిక మాత్రలకి, ఇంజెక్షన్లకి. కంటి చుక్కల గురించి కాదు.

అలాగని కంగారుపడి, మీ డాక్టర్ అన్నీ తెలిసి రాసిన కోర్సుని మధ్యలో ఆపకండి. ఫోన్ చేసి, "అన్యూరిజం ఉంది, ఈ మందు వాడొచ్చా?" అని అడగండి. పంటి డాక్టరైనా, జ్వరానికి చూసే డాక్టరైనా ఆ సంగతి ముందే చెప్పండి. ఆన్‌లైన్‌లో మందులు తెప్పించినా ఇంతే. చీటీ కోసం వాళ్లు చేయించే ఫోన్ కాల్ నిమిషంలో అయిపోతుంది, మనం చెప్తే తప్ప వాళ్లకి తెలియదు. షాపులో పేరు, తేదీ ఉన్న వైపు నుంచే బిళ్లలు ఇమ్మని పట్టుబట్టండి, బిల్లు తీసుకోండి. మేము నాన్నగారి ఫోన్ కవర్ వెనక, మందుల డబ్బా మీద ఒక కాగితం అంటించాం: 'అయోర్టా అన్యూరిజం ఉంది, ఫ్లాక్సాసిన్ మందులు వద్దు.'

ఇంకొక్క సంగతి, ఇది ఇంకా ముఖ్యం. అన్యూరిజం ఉన్న మనిషికి ఉన్నట్టుండి కడుపులోనో, నడుములోనో, ఛాతీలోనో, వీపులోనో తీవ్రమైన నొప్పి వచ్చినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా గ్యాస్ బిళ్ల కోసం షాపుకి పరిగెత్తకండి. పగిలిన అయోర్టా నొప్పిని కిడ్నీలో రాయి అనో, గ్యాస్ అనో పొరబడటం డాక్టర్ల దగ్గర కూడా జరుగుతుంది. 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, వాస్కులర్ సర్జన్ ఉన్న ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏదో ఈరోజే కనుక్కుని పెట్టుకోండి. అక్కడికి వెళ్లగానే మొట్టమొదట అన్యూరిజం ఉందని చెప్పి, పాత స్కాన్ రిపోర్టు వాళ్ల చేతికివ్వండి.