ఇరవై ఏళ్లుగా నా దగ్గరున్న నిర్వాణ పెట్టె

అమెరికా రాక్ బ్యాండు నిర్వాణ పుట్టుక నుంచి ముగింపు దాకా మిగిలిన అరుదైన రికార్డింగులను ఒకచోట చేర్చిన 'విత్ ద లైట్స్ ఔట్' అనే పెట్టె 2004 నవంబరులో విడుదలైంది. మరుసటి ఏడాది వేసవిలో మా మేనత్త కొడుకు అమెరికా నుంచి బరంపురం వస్తూ, చొక్కాల మధ్య చుట్టి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి అది నా అలమారలోనే ఉంది. కొత్తలో రాసి ఉంటే ఈ సమీక్షలో సగం పొగడ్త, సగం నిరాశ ఉండేవి. ఇరవై ఏళ్లు విన్నాక వీటిలో ఏ పాటలు నిలిచాయో, ఏవి పేరు కోసమే గొప్పవో కొంత నెమ్మదిగా చెప్పగలనని అనుకుంటున్నాను.

ముందుగా పెట్టె సంగతి చెప్పాలి. పై అట్టకు వేడి తగిలితే రంగు మారే పూత వేశారు. అరచెయ్యి ఆనించి తీస్తే ఆ మేరకు రంగు తేలిపోయి, అడుగున అచ్చు వేసిన పాత క్యాసెట్ల, టేపు డబ్బాల ఫొటోలు కనిపిస్తాయి. చల్లబడగానే మళ్లీ మరుగున పడతాయి. చలిదేశంలో ఇది ముచ్చటగానే ఉంటుంది. బరంపురంలో మే నెల మధ్యాహ్నం మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే అట్ట అంతా తనంతట తానే బయటపడి, పొద్దుగుంకినా మూసుకోదు. మొదటి ఏడాది మా అమ్మ దాన్ని చూసి, "దీనికి కూడా ఉక్కపోస్తోందిరా" అంది. ఇప్పుడు అంచుల దగ్గర ఆ పూత బద్ధకించింది. జనవరిలో గట్టిగా రుద్దితే తప్ప పలకదు.

లోపల మూడు సీడీలు, ఒక డీవీడీ, మొత్తం 81 అంశాలు ఉన్నాయి. బ్యాండు గాయకుడు, గిటారిస్టు కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్‌లో, 27 ఏళ్ల వయసులో మరణించేనాటికి ఈ బ్యాండు స్టూడియోలో పూర్తిచేసిన ఆల్బములు 1989లో ఒకటి, 1991లో ఒకటి, 1993లో ఒకటి, అంటే మూడే. చిత్తుప్రతుల మూట అసలు పుస్తకాలకన్నా లావైందన్నమాట. దీన్ని నిజానికి 2001లోనే, రెండో ఆల్బమైన 'నెవర్‌మైండ్' పదేళ్ల సందర్భంగా తేవాలనుకున్నారు. కొబేన్ భార్య కర్ట్నీ లవ్‌కూ, బ్యాండులో మిగిలిన బేసు గిటారిస్టు క్రిస్ట్ నొవొసెలిక్, డ్రమ్మర్ డేవ్ గ్రోల్‌లకూ మధ్య కోర్టు తగాదా వచ్చి ఆగిపోయింది. 2002లో రాజీ కుదిరాక బ్యాండు చివరి స్టూడియో పాట 'యూ నో యూ ఆర్ రైట్' వేరే సంకలనంలో ముందుగా వచ్చేసింది. అందువల్ల పెట్టె చేతికందేసరికి, దొంగ సీడీలు పోగుచేసుకున్న పాత అభిమానులకు చాలా భాగం తెలిసినదే అయింది. ఆ దొంగ సీడీలేవీ మా ఊరిదాకా రాలేదు కనుక నాకు మాత్రం దాదాపు అంతా కొత్తే.

మొదటి సీడీ తెరవగానే వినిపించేది 1987లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రేమండ్ అనే చిన్న ఊళ్లో, ఒక ఇంటి విందులో వాయించిన, లెడ్ జెప్పెలిన్ అనే పాత రాక్ బ్యాండు పాట 'హార్ట్‌బ్రేకర్'. గిటారు దారి తప్పుతుంది, చుట్టూ కేకలు, రికార్డింగు అంతంతమాత్రం. మొదటిసారి విన్నప్పుడు సీడీ చెడిపోయిందనుకుని తీసి తుడిచాను. ఇలాంటివి ఈ సీడీలో చాలా ఉన్నాయి. ఇంట్లో క్యాసెట్టు మీద చేసిన రికార్డింగుల్లో టేపు బుస ఎంత ఎక్కువంటే, సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో పాట ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇవి చలికాలం రాత్రి, ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినవలసినవి.

అయినా ఈ సీడీలోనే రెండు చోట్ల నేను ఇప్పటికీ ఆగుతాను. మొదటిది 'పెన్ క్యాప్ చ్యూ'. 1988 జనవరిలో సియాటిల్‌లో జాక్ ఎండినో అనే రికార్డింగు నిపుణుడి దగ్గర, డేల్ క్రోవర్ డ్రమ్ములు వాయించగా ఒకే రోజున చేసిన డెమోలలో (నమూనా రికార్డింగుల్లో) ఇది ఆఖరుది. పాట మధ్యలో టేపు అయిపోయింది. అందుకే ముగింపు లేకుండా, క్రమంగా గొంతు తగ్గుతూ మాయమవుతుంది. రెండోది 1989లో రికార్డు చేసిన లెడ్ బెల్లీ పాటల గుత్తి. లెడ్ బెల్లీ తొలితరం నల్లజాతి జానపద గాయకుడు. గాయకుడు మార్క్ లానెగన్‌తో కలిసి ఆయన పాటలతో ఒక రికార్డు తేవాలనుకుని, మొదలుపెట్టి వదిలేసిన పని ఇది. 'ఎయింట్ ఇట్ ఎ షేమ్'లో కొబేన్ ఎంత హుషారుగా అరుస్తాడంటే, దానికి కాస్త ముందే వచ్చే, ఒంటరిగా గిటారుతో పాడిన 'దే హంగ్ హిమ్ ఆన్ ఎ క్రాస్' విని అదే మనిషా అనిపిస్తుంది. 'గ్రే గూస్'లో మాటలే లేవు, వట్టి వాద్యమే. మొదటి సీడీలో అభిమానులు ఎక్కువగా మెచ్చుకునేవి కూడా ఇవేనని తర్వాత తెలిసింది. ఈ ఒక్క విషయంలో వాళ్లకూ నాకూ పేచీ లేదు.

రెండో సీడీయే ఈ పెట్టెకు ప్రాణం. 'వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్' అనే పాత జానపద గీతాన్ని 1993 నవంబరులో టీవీ కోసం న్యూయార్కులో పాడినప్పటి రూపమే లోకానికి తెలుసు. ఇక్కడ ఉన్నది 1990లో ఇంట్లో ఒక్కడూ పాడుకున్నది. టీవీ రూపంలో చివరి కేక కోసం అంతా ఎదురుచూస్తారు. ఇందులో ఆ కేక ఇంకా తయారు కాలేదు, నిలదీత మాత్రమే ఉంది. ఇంగ్లీషు రాని మా అమ్మ పక్క గదిలో చిక్కుడుకాయలు తుంచుతూ విని, "ఎవర్నో గట్టిగా నిలదీస్తున్నాడు, ఆ పిల్ల బదులివ్వడం లేదు" అంది. పాటలో ఆ పిల్ల ఒక్క బదులు ఇస్తుంది గానీ, మిగతా కథ అంతే.

తర్వాత 'ఓల్డ్ ఏజ్'. ఇది 1991లో 'నెవర్‌మైండ్' రికార్డింగులో చేసి పక్కన పెట్టినది. మాటలు పూర్తి కాలేదు. కొన్నిచోట్ల నోటికొచ్చిన అక్షరాలతో వరసను నడిపించుకుపోతాడు. ఆ తర్వాత ఈ పాట కర్ట్నీ లవ్ బ్యాండు 'హోల్'కు వెళ్లి, వాళ్ల మాటలతో బయటికి వచ్చింది. మాటలు కుదరని ఈ రూపమే నాకు ఎక్కువ ఇష్టం. మన సినిమా బాణీలకు కూడా ముందు దొంగమాటలు వేసుకుని, కవిగారు వచ్చాక అసలు మాటలు కూర్చడం ఉంది కదా. ఆ దొంగమాటల దశలో పాట ఎలా ఉంటుందో బయటివాళ్లకు వినే అవకాశం అరుదుగా దొరుకుతుంది. పెట్టె మొత్తంలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' రిహార్సల్ రూపం గురించి కూడా చెప్పాలి. 'నెవర్‌మైండ్' నిర్మాత బుచ్ విగ్‌కు కొత్త పాటలు వినిపించడానికి టూ ఇన్ వన్‌లో రికార్డు చేసి పంపిన రిహార్సల్ ఇది. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా మైకు తట్టుకోలేక శబ్దం బద్దలవుతుంది. మా నాన్నగారు మా ఊరి అమ్మవారి జాతర అయిన ఠాకురాణి యాత్ర వాయిద్యాలను ఇలాగే టూ ఇన్ వన్ మోకాళ్ల మీద పెట్టుకుని రికార్డు చేసేవారు. ఆ క్యాసెట్లలో డప్పు కూడా అచ్చం ఇలాగే పగిలేది. కాబట్టి ఈ చప్పుడు నాకు ఇబ్బంది కలిగించలేదు. మా వీధిలో ఉండే ఒడియా మిత్రుడు గిటారు వాయిస్తాడు. అతను మాత్రం ఇరవై ఏళ్లుగా దీన్ని రెండు నిమిషాలకు మించి విననివ్వడు. అదే సీడీ చివర ఉన్న, బుచ్ విగ్ స్వయంగా మిక్స్ చేసిన రూపం పెట్టమంటాడు. అది శుభ్రంగానే ఉంటుంది, కానీ అందరికీ తెలిసిన పాటకు చాలా దగ్గర కనుక మళ్లీ మళ్లీ వినే పని నాకు పడలేదు.

పేర్ల గందరగోళం ఒకటి కొత్తవారికి తెలియాలి. ఈ సీడీలో 'వెర్స్ కోరస్ వెర్స్' పేరుతో ఉన్న పాట ఒకటైతే, 1993లో ఒక సంకలనం చివర పేరు వేయకుండా దాచిన వేరే పాటను కూడా చాలాకాలం అదే పేరుతో పిలిచారు. చరణం, పల్లవి, చరణం అనేది పాటకు పేరేమిటని మావాళ్లు నవ్వారు. ఆ రెండో పాట అసలు పేరు 'సాపీ'. కొబేన్ దాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ రికార్డు చేసినా తృప్తి పడలేదు. అటువంటి పాటకు మూడో సీడీలో 1993 నాటి, అప్పటికే బయటికి వచ్చిన రూపాన్నే ఇచ్చి, 1990 నాటి రూపాన్ని మరుసటి ఏడాది 'స్లివర్' అనే ఒంటి సీడీ సంకలనంలో చేర్చారు. డబ్బు పెట్టి పెద్ద పెట్టె కొన్నవాళ్ల చేత మరో సీడీ కొనిపించే ఈ పద్ధతి నాకు నచ్చలేదు.

మూడో సీడీలో అభిమానులు నెత్తిన పెట్టుకునేవి 'డు రే మి', 'యూ నో యూ ఆర్ రైట్'. రెండూ 1994లో గిటారుతో ఒంటరిగా చేసుకున్న చిత్తులు. మొదటిదానిలో గొంతు పైకి సాగి సాగి తెగిపోతుందేమో అన్నట్టుంటుంది. బాణీ మాత్రం నిజంగా మంచిది. రెండోది, స్టూడియో రూపం విన్నవారికి, నా ఉద్దేశంలో, పెద్దగా ఏమీ కలపదు. ఇంకొద్ది వారాల్లో పోబోయే మనిషి గొంతు అని తెలిసి వింటాం గనుక వీటికి బరువు వచ్చిందేమో అనుకుంటాను. మొదటి ఐదేళ్లు నేనూ అలాగే విన్నాను. ఇప్పుడు 'డు రే మి' మాత్రమే వింటున్నాను.

దానికన్నా తక్కువ పేరున్న 'సెంట్‌లెస్ అప్రెంటిస్' రిహార్సల్ నాకు ఎక్కువ ఇచ్చింది. తొమ్మిది నిమిషాలు దాటి సాగే ఈ ముక్కలో ముగ్గురూ పాటను అప్పటికప్పుడు చెక్కుతుంటారు. గిటారు మీద ఆ మొరటు వరస గ్రోల్ తెచ్చినది. మూడో ఆల్బములో ముగ్గురి పేర్లూ రచయితలుగా ఉన్న ఒకే పాట ఇది. వరస పట్టుబడడానికి ముందు నొవొసెలిక్ బేసు గిటారు దాని చుట్టూ తచ్చాడుతుంది. కొబేన్ ఒక అరుపు వేసి చూస్తాడు, కుదరదు, స్థాయి మార్చి మళ్లీ వేస్తాడు, ఈసారి అతుక్కుంటుంది. ఎక్కడ అతుక్కుందో వేలు పెట్టి చూపించవచ్చు. ఈ ఒక్క ముక్క కోసం మా గిటారు మిత్రుడు కూడా నోరు మూసుకుని కూర్చుంటాడు.

డీవీడీ గురించి ఎక్కువ చెప్పను. 1988లో ఆబర్డీన్‌లో నొవొసెలిక్ వాళ్ల అమ్మగారి ఇంట్లో చేసిన సాధనలో కొబేన్ గోడవైపు తిరిగి పాడతాడు. గదిలో ఉన్న పదిమంది ముఖం చూడటానికి అంత మొహమాటపడిన మనిషి తర్వాత ఎలాంటి మైదానాల్లో పాడాడో తలుచుకుంటే ఆశ్చర్యం. చివర 1993లో రియోలో సరదాగా వాయించిన 'సీజన్స్ ఇన్ ద సన్' ఉంది. అందులో కొబేన్ డ్రమ్ముల దగ్గర, గ్రోల్ బేసు మీద, నొవొసెలిక్ గిటారు మీద ఉంటారు. మధ్యలో ఉన్న సభల వీడియోలు నేను రెండోసారి చూసినవి తక్కువ.

ఇక మన్నిక. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా కిటికీ రెక్క ఊడి, అలమార కింది అరలోకి నీళ్లు వచ్చాయి. సీడీలు పై అరలో ఉండబట్టి బతికాయి. సోనిక్ యూత్ బ్యాండుకు చెందిన థర్‌స్టన్ మూర్, విలేకరి నీల్ స్ట్రాస్ రాసిన వ్యాసాలున్న రంగుల పుస్తకం మాత్రం తడిసింది. నున్నని కాగితం కావడం వల్ల ఆరాక పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో కొవ్వొత్తి దగ్గర కూర్చుని పాత పోస్టుకార్డు అంచుతో ఒక్కొక్కటీ విడదీశాను. రికార్డింగుల జాబితాలో రెండు పేజీల అక్షరాలు ఎదుటి ఫొటోల మీదికి అచ్చు దిగిపోయాయి. ఏ పాట ఎప్పటిదో చూడాలంటే ఇప్పుడు అద్దంలో చదువుకోవాలి.

సముద్రపు తేమకు మూడో సీడీ అంచున బూజు మచ్చలు కూడా వచ్చాయి. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు గనుక అంచున మచ్చ పడితే దెబ్బ ఆఖరి పాటకే తగులుతుంది. ఇందులో ఆఖరిది 'ఆల్ అపాలజీస్' ఇంటి రికార్డింగు. మెత్తటి నూలు గుడ్డతో, గుండ్రంగా కాకుండా నడిమి నుంచి అంచుకు తుడిస్తే కొంత నయమైంది. నా పాత ప్లేయరు ఇప్పుడు ఆ పాటను రెండుచోట్ల తడబడుతూ చివరిదాకా వాయిస్తుంది. కిందటి ఏడాది కొన్న కొత్తది సీడీనే గుర్తుపట్టడం లేదు.